పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఉద్యోగం చేసే తండ్రి, ఎదిగే పిల్లలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఉద్యోగానికీ పిల్లలకూ మధ్య నలిగిపోతున్న తండ్రుల గురించినవే ఎక్కువ. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని అందరూ కోరారు కనుక ఊరు మాత్రమే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. నిజాంపేటలో ఫ్లాట్ కొనుక్కున్నాము, ఇ.ఎం.ఐ. నా జీతం నుంచే కట్టాలి. నా భార్య ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలు. మాకు ఐదేళ్ల పాప, యూకేజీ చదువుతోంది. క్లయింటు అమెరికా తూర్పు తీరంలో ఉండడం వల్ల నాకు సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా కాల్స్ ఉంటాయి. ఆ మధ్య మా ఆవిడకు పరీక్షల డ్యూటీ పడితే పాపను తీసుకురావడానికి నేను స్కూలుకు వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఏ సెక్షన్ అని అడిగితే చెప్పలేకపోయాను. ఫోన్ చేసి కనుక్కునే లోపలే పాప బయటికి వచ్చి, "నాన్నకు తెలీదంకుల్, అమ్మనడగండి" అంది. కోపంగా కూడా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. మా టీములో ఇప్పటికే ఇద్దరిని తీసేశారు కనుక ఏ కాల్‌నూ కాదనే ధైర్యం లేదు. రెండేళ్లు ఓపిక పడితే మేనేజరువవుతావు, అప్పుడు తీరిక దొరుకుతుందని మా నాన్నగారు అంటున్నారు. ఉద్యోగం మారాలా, ఓపిక పట్టాలా? — ఒక తండ్రి, హైదరాబాద్

సమాధానం: రెండూ వద్దని నా అభిప్రాయం. మీ రంగంలో హోదా పెరిగే కొద్దీ హాజరు కావలసిన కాల్స్ పెరుగుతాయే తప్ప తగ్గవు. ఈరోజు ఒక టీముకు జవాబు చెబుతున్నవారు రేపు మూడు టీములకు చెప్పవలసి వస్తుంది. పైగా ఆ రెండేళ్లు గడిచేసరికి మీ పాప రెండో తరగతికి వచ్చేస్తుంది. ఉద్యోగం మారినా, కొత్త సంస్థకు కూడా అమెరికా క్లయింటే ఉంటే మీ సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి.

కాబట్టి ముందు వేళల సంగతి చూద్దాం. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపి ఉంచుతారు. ఆ నెలల్లో న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైతే మనకు సాయంత్రం 6.30 అవుతుంది, మిగిలిన నెలల్లో 7.30 అవుతుంది. అంటే మీ పాప అన్నం తిని, కబుర్లు చెప్పి, నిద్రపోయే సమయమంతా ఏడాది పొడుగునా క్లయింటుకే పోతోంది. దానిని పూర్తిగా వెనక్కి తెచ్చుకోవడం మీ ఒక్కరి చేతిలో లేదు. ఉదయం మాట వేరు. మనకు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అక్కడ రాత్రి వేళ, మిమ్మల్ని ఎవరూ పిలవరు. అయినా మీ ఉత్తరంలో ఉదయం గురించి ఒక్క మాట కూడా లేదు. పదింటికి కాల్ ముగించి, భోజనం చేసి, అలసట తీరడానికి అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి పడుకోవడం వల్ల పాప బస్సెక్కే వేళకు మీరు నిద్రలోనే ఉంటున్నారని నాకు అనిపిస్తోంది.

ఆ ఉదయాన్ని మీరు తీసుకోండి. పాపను నిద్ర లేపడం మొదలు బస్సెక్కించే వరకు ప్రతి పనీ మీదే కావాలి, అదీ భార్య గుర్తు చేయవలసిన అవసరం లేకుండా. పీటీ ఏ రోజో తెలుసుకుని తెల్ల బూట్లు ఆరాయో లేదో ముందు రాత్రే చూసుకోవడం, డైరీలో టీచరు రాసింది చదివి సంతకం పెట్టడం, డబ్బాలో పెట్టిన ఉప్మా వరుసగా రెండు రోజులు అలాగే తిరిగి వస్తే మూడో రోజు ఏం పెట్టాలో ఆలోచించడం, ఇవన్నీ అందులో భాగాలే. ఇంటిపని అంటే చేతులతో చేసే పని ఒక్కటే అనుకుంటాము గానీ, గుర్తు పెట్టుకోవలసిన బరువే అందులో ఎక్కువ. మీ ఇంట్లో ఆ బరువంతా ఇప్పుడు ఒక్కరి తల మీదే ఉంది. గేటు దగ్గర మీ పాప చెప్పింది సరిగ్గా ఆ సంగతే.

జడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తండ్రులు చాలామంది అన్నిటికీ సిద్ధపడి అక్కడ ఆగిపోతారు. చిక్కు తీసేటప్పుడు జుట్టు చివర నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. కుదుళ్ల దగ్గర ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని దువ్వితే పిల్లకు లాగినట్టు ఉండదు. మూడు పాయలూ సమానంగా తీయకపోతే బస్సెక్కే లోపలే జడ వదులైపోతుంది. ఈ పది నిమిషాలూ పిల్ల మీకు వీపు తిప్పి కూర్చుంటుంది. చేతులు పనిలో ఉండి, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడే పిల్లలు నోరు విప్పుతారు. నిన్న క్లాసులో ఎవరు ఏడ్చారు, తాను ఎవరితో కటీఫ్ చెప్పింది, బస్సులో కిటికీ పక్క సీటు ఎవరు లాక్కున్నారు, అన్నీ తనంతట తానే చెబుతుంది. ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏం జరిగిందమ్మా" అని అడిగితే "ఏం లేదు" అన్న జవాబే వస్తుంది. మొదట్లో జడ వంకరగానే ఉంటుంది. అలాంటప్పుడు మీ శ్రీమతి గుమ్మంలో నిలబడి తప్పులు దిద్దితే, మీరు మళ్లీ చెప్పిన పని చేసే సహాయకులుగా, ఆమె మళ్లీ అన్నీ చూసుకోవలసిన మనిషిగా మారిపోతారు. కనుక ఈ జవాబును ఆమెకు కూడా చదివి వినిపించండి.

స్కూలు వాట్సాప్ గ్రూపులోనూ, కార్యాలయ రికార్డులోనూ మొదటి ఫోన్ నంబరుగా మీది ఇవ్వండి. ఐదారేళ్ల మధ్య వేయించవలసిన డీపీటీ రెండో బూస్టరు మీ పాపకు ఇప్పుడే రావాలి. టీకాల కార్డు బయటికి తీసి చూసి, ఆ సూదికి తీసుకువెళ్లే బాధ్యత మీరు తీసుకోండి.

మీ ఆవిడ కూడా ఉద్యోగస్తురాలేనన్న సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటవేశారు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, అందులో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. 2019 నాటి సర్వేలో ఆ లెక్కలు 299, 97. ఐదేళ్లలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గితే, పురుషుల వంతు పెరగకపోగా అదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. రెండు జీతాలతో నడిచే ఇళ్లలో ఈ తేడా ఎంతోకాలం మౌనంగా ఉండదు, ఏదో ఒక రోజు పెద్ద గొడవై బయటపడుతుంది.

ఇక ఆఫీసు. "నాకు కుటుంబానికి సమయం కావాలి" అని మేనేజరుతో అంటే ఆయన సానుభూతి చూపి ఊరుకుంటారు. అడిగేది కచ్చితంగా ఉండాలి. "మంగళ, గురువారాల్లో ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నేను కాల్‌లో ఉండను, ఆ రెండు రోజులూ ఫలానా సహోద్యోగి హాజరవుతారు, తొమ్మిదిన్నరకల్లా నోట్స్ చూసి జవాబిస్తాను" అని చెప్పి, ఆ గంటను క్యాలెండరులో అందరికీ కనిపించేలా పెట్టండి. మీ కాల్స్ జాబితాను ఒక వారం పాటు రాసుకుని చూస్తే, మీరు కేవలం వింటూ కూర్చునేవి కొన్ని తప్పకుండా తేలతాయి. వాటికి మీ టీములోని జూనియర్లను వంతులవారీగా పంపితే వారికీ క్లయింటుతో మాట్లాడే అలవాటు అవుతుంది. ఇలా అడిగినందుకు ఉద్యోగం పోతుందన్న భయం మీకు ఉండడం సహజమే, తోటివారిని తీసేయడం కళ్లారా చూశారు. ఆ భయానికి మందు మరో కాల్‌కు హాజరు కావడంలో లేదు. చేతిలో ఉన్న డబ్బులో ఉంది. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని, మీ జీతం ఆగిపోతే ఇ.ఎం.ఐ.తో సహా ఎన్ని నెలలు గడుస్తుందో కాగితం మీద రాయండి. ఆరు నెలలకు తక్కువ వస్తే, కారు మార్చడం వంటివి పక్కన పెట్టి ముందు ఆ నిల్వ పూర్తి చేయండి. ఆ అంకె తెలిసిన మనిషి మేనేజరు ముందు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

మీ ఆరోగ్యం గురించి ఒక మాట. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. మీ గంటలు మీరే లెక్క వేసుకోండి.

ప్రశ్న: మా వారు ఒక బ్యాంకులో బ్రాంచి మేనేజరు. ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అయింది. అబ్బాయి పదో తరగతి కావడంతో మేము హనుమకొండలోనే ఉండిపోయాము. ఆయన ఆదివారాలకు, రెండో, నాలుగో శనివారాలకు వస్తారు. వచ్చీ రాగానే బూట్లు విప్పకముందే మార్కులు అడుగుతారు, నోటుపుస్తకాలు తెప్పిస్తారు, కేకలు వేస్తారు. రెండో శనివారం వస్తోందంటే మా వాడు స్నేహితుడి ఇంట్లో చదువుకుంటానని వెళ్లిపోతున్నాడు. ఈయనేమో "నేను ఎవరి కోసం కష్టపడుతున్నాను" అని బాధపడతారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. — ఒక గృహిణి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ వారి బాధ నిజమైనదే. దూరంగా ఉండి తండ్రిగా తన వంతు చేయలేకపోతున్నానన్న దిగులును ఆయన రెండు రోజుల్లో తీర్చుకోవాలనుకుంటున్నారు. బ్రాంచిలో వసూళ్లు, టార్గెట్లు, పై అధికారుల తనిఖీల మధ్య వారమంతా గడిపిన మనిషికి ఇంట్లో కూడా తనిఖీ చేయడమే చేతనవుతోంది. పిల్లవాడు మాత్రం అందులో దిగులును చూడలేడు, కోపాన్నే చూస్తాడు.

మార్కుల ప్రసక్తిని ఆ శనివారాల నుంచి తప్పించి, వారం మధ్యలో ఒక రోజుకు మార్చండి. బుధవారం రాత్రి బ్యాంకు నుంచి గదికి చేరాక ఆయన నేరుగా అబ్బాయికే ఫోన్ చేసి, ఆ వారం ఏ పాఠం అర్థం కాలేదో పదిహేను నిమిషాలు మాట్లాడాలి. మీ ద్వారా కబురు నడవకూడదు. అలాగే మీ వైపు నుంచి ఒకటి మానాలి. "నాన్నగారు రానీ, నీ సంగతి చెబుతాను" అని చాలామంది తల్లులు వారమంతా ఫిర్యాదులు పోగేసి ఉంచుతారు. మీ ఇంట్లో ఆ అలవాటు ఉంటే ఈ వారమే వదిలేయండి, ఎందుకంటే ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే శిక్ష వేసే పాత్రను ఆయనకు అప్పగిస్తున్నది ఆ మాటే.

వచ్చిన రోజున తండ్రీకొడుకులకు కలిసి చేసే పని ఒకటి ఉండాలి. బండి సర్వీసింగుకు తీసుకువెళ్లడం, ఆదివారం మాంసం దుకాణానికి వెళ్లి ఏ ముక్క అడగాలో నేర్పడం, సాయంత్రం షటిల్ ఆడడం, ఏదైనా సరే. పదిహేనేళ్ల కుర్రవాడు తండ్రితో కూర్చుని కబుర్లాడడు గానీ పక్కన నిలబడి పనిచేస్తాడు.

మరొక ముఖ్యమైన సంగతి ఉంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో వస్తాయి, బ్యాంకు వార్షిక ముగింపు మార్చి 31. మీ వారికి ఆ నెలలో సెలవు దొరకడం చాలా కష్టం. చివరి క్షణంలో రాలేనని చెబితే పిల్లవాడి మనసు విరిగిపోతుంది కనుక, డిసెంబరులోనే వాడికి ఈ సంగతి చెప్పి, జనవరిలో గానీ ఫిబ్రవరిలో గానీ ప్రీ-ఫైనల్ పరీక్షల సమయానికి ఒక వారం సెలవు పెట్టి రమ్మనండి. వాడికి తోడు కావలసింది కూడా పరీక్ష హాలు గేటు దగ్గర కాదు, లెక్కలతో కుస్తీ పడే ఆ వారాల్లోనే.

ప్రశ్న: నేను కాకినాడలో తపాలా శాఖ ఉద్యోగిని. నా భార్య మొదటి కాన్పుకు పుట్టింటికి, పాలకొల్లు వెళ్లింది. పితృత్వ సెలవు తీసుకుంటానంటే మా ఆఫీసులో కొందరు నవ్వారు. "పురిటి గదిలో మగవాడికేం పని" అని మా అత్తగారు కూడా అన్నారు. ఈ సెలవుకు నేను అర్హుడినేనా, ఎప్పుడు తీసుకోవడం మంచిది? — ఒక ఉద్యోగి, కాకినాడ

సమాధానం: తప్పకుండా అర్హులే. కేంద్ర ప్రభుత్వ సెలవు నియమావళి (1972) ప్రకారం, జీవించి ఉన్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉన్న పురుష ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు పూర్తి జీతంతో ఇస్తారు. ఇది మీ సెలవుల ఖాతా నుంచి తగ్గదు, ఇతర సెలవులతో కలిపి కూడా వాడుకోవచ్చు, సాధారణంగా దీనిని నిరాకరించరాదని ఆ నియమంలోనే ఉంది. ప్రసవానికి 15 రోజుల ముందు నుంచి ప్రసవమైన ఆరు నెలల లోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే పోయినట్టే.

ఎప్పుడు అన్నదే మన ఇళ్లలో ఆలోచించవలసిన విషయం. పురుడు పుట్టింట్లో జరుగుతుంది, అక్కడ అత్తగారు, మరదళ్లు, చుట్టాలు అందరూ ఉంటారు. మీరు పదిహేను రోజులూ అక్కడే కూర్చుంటే మీ అత్తగారి మాట నిజమయ్యే అవకాశం ఉంది. ప్రసవానికి సాధారణ సెలవు మీద రెండు మూడు రోజులు వెళ్లి రండి. అసలు సెలవును తల్లీబిడ్డలు మీ ఇంటికి వచ్చే రోజుకు దాచండి. పుట్టింటి చేతుల నుంచి ఒక్కసారిగా ఇద్దరే ఉండే ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు రాత్రిళ్లు చాలా కష్టంగా ఉంటాయి. ఆ పదిహేను రోజులు రాత్రి బిడ్డ లేచినప్పుడు ఎత్తుకుని తల్లికి అందించడం, పాలు తాగాక భుజం మీద వేసుకుని తేన్పు వచ్చే దాకా వీపు తట్టడం, గుడ్డలు మార్చడం మీరు చూసుకోండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడే టీకాల తేదీలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఐదో నెల వచ్చాక ఇంటికి తీసుకువచ్చే ఆలోచన ఉంటే మాత్రం ఆరు నెలల గడువు గుర్తుంచుకోండి.

ప్రైవేటు సంస్థల్లో పనిచేసే పాఠకులకు కూడా ఒక మాట చెప్పాలి. తల్లులకు 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు చట్టబద్ధమైంది గానీ, తండ్రులకు అలాంటి చట్టం మన దేశంలో లేదు. సంస్థ ఇచ్చినంతే. తండ్రికి ఒక్క రోజు కూడా ఇవ్వనవసరం లేదంటున్న పద్ధతి బిడ్డను పూర్తిగా తల్లి మీదకే నెడుతుంది, అది మారి తీరాలి. అంతవరకు మీ సంస్థ హెచ్.ఆర్. విధానంలో ఏముందో బిడ్డ పుట్టకముందే కాగితం మీద తెలుసుకుని ఉండండి.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. దుబాయిలో భవన నిర్మాణంలో షట్టరింగ్ పని చేస్తాను. రెండేళ్ల తరువాత సెలవు మీద ఇంటికి పోతే మూడేళ్ల నా కొడుకు నన్ను చూసి తల్లి చీర కొంగు వెనక దాక్కున్నాడు. ఇంట్లో ఉండే నా తమ్ముడిని "బాపు" అని పిలుస్తున్నాడు. మళ్లీ వచ్చేశాను, అప్పు ఇంకా తీరలేదు. ఫోన్‌లో మాట్లాడుదామంటే వాడు నిలబడడు. నేను ఏం చేయాలి? — ఒక తండ్రి, దుబాయి

సమాధానం: మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. ముందుగా ఒక నమ్మకం ఇవ్వాలి: ఆ వయసు బిడ్డ రోజూ ఎత్తుకునే మనిషిని తండ్రి అనుకోవడం సహజం, అది మీ మీద ప్రేమ లేకపోవడం కాదు. మీ తమ్ముడి మీద కోపం పెట్టుకోవద్దు. మీరు లేని లోటు మీ బిడ్డకు తెలియనివ్వని మనిషి ఆయన. వాడికి మీ ఫొటో చూపిస్తూ "ఈయన బాపు, నేను చిన్నాయన" అని రోజూ చెప్పమని ఆయననే అడగండి, మీ భార్య చెప్పినదానికంటే అది త్వరగా నాటుకుంటుంది.

మీ గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇక్కడ వాడు రాత్రి ఎనిమిదిన్నరకు పడుకునే వేళకు మీకు ఏడు, మీరు క్యాంపుకు చేరుతూ బస్సులో ఉంటారు. అందుకే వాడు నిద్రమత్తులో ఉన్నప్పుడు మీ ఫోన్ వస్తోంది, వాడు నిలబడడం లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని నిషేధం కదా; ఆ విరామం మనకు రెండు నుంచి నాలుగున్నర. వాడు అంగన్‌వాడీలో తిని ఇంటికి వచ్చి హుషారుగా ఉండే వేళ అదే. ఆ మూడు నెలలూ ఆ సమయంలో వీడియో కాల్ చేయండి. మాట్లాడమని బలవంతం చేయవద్దు. మీరు తింటున్న పళ్లెం చూపించండి, సైటులో క్రేన్ చూపించండి, వాడు ఆడుకుంటుంటే ఫోన్ పక్కన పెట్టి ఉంచమనండి. మిగిలిన నెలల్లో వాడి పేరు పెట్టి రెండు నిమిషాల కథ రికార్డు చేసి పంపితే, పడుకునేటప్పుడు మీ భార్య వినిపిస్తారు. ఒకే కథ నెల రోజులు పంపినా పరవాలేదు, ఆ వయసు పిల్లలకు తెలిసిన కథే కావాలి.

అప్పు గురించి కూడా ఆలోచించండి. ఎంత తీరితే తిరిగి వచ్చేయవచ్చో మీరూ మీ భార్యా ఒక అంకె అనుకోండి. అంకె లేకపోతే ఇల్లు, బోరు, చెల్లెలి పెళ్లి అంటూ ఒకదాని తరువాత ఒకటి చేరి ఒప్పందం మీద ఒప్పందం పొడిగించుకుంటూ పోతారు.

ఈసారి సెలవుకు వచ్చినప్పుడు మొదటి రోజే వాడిని ఎత్తుకోవాలని చూడకండి. వాడు ఆడుకునే చోట కింద కూర్చోండి, వాడే వస్తాడు. వారం గడిచాక అంగన్‌వాడీకి దింపడం, స్నానం చేయించడం మీరు తీసుకోండి. అన్నట్టు, ఐదేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపలు కొత్తగా నమోదు చేయించాలి. మీ తరువాతి సెలవు ఆ వయసుకే వస్తుంది కనుక ఆ పని మీకోసం ఆపి ఉంచమని ఇంట్లో ఇప్పుడే చెప్పండి. దరఖాస్తు నింపేటప్పుడు వాడు మీ పక్కనే ఉంటాడు.